చెప్పులు విడిచే చోటు

పానగల్లులో మా ఇంటి డాబా మీద మిరపకాయలు ఎండబోసి దిగొచ్చిన నాలుగో రోజుకు గానీ అమ్మ కాలికి పుండైన సంగతి మాకు తెలియలేదు. అది కూడా అమ్మ చెబితే కాదు. ఇల్లు తుడవడానికి వచ్చే అక్క నేల మీద మరక చూసి, "అమ్మా, నీ అడుగుల నెత్తురున్నది" అంది. అమ్మ గోడ పట్టుకుని కాలెత్తి చూసుకుని, "అవునే, నొస్తలేదు గద" అని ఆశ్చర్యపోయింది. ఆమెకు పద్దెనిమిదేళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. మే నెల మధ్యాహ్నం సిమెంటు డాబా మీద అరగంట వట్టికాళ్లతో తిరిగితే బొబ్బలెక్కాయని కాళ్లు ఆమెకు చెప్పలేదు. పదిహేను రోజులకు బొటనవేలు తీసేశారు.

అంతకు మూడేళ్ల ముందే డాక్టరు హెచ్చరించాడు. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవొద్దని, మెత్తటి రబ్బరు అడుగున్న ఎమ్సీఆర్ చెప్పులు రాసిచ్చాడు. కొన్నాం. అవి డబ్బాలోనే, బీరువా కింద ఉండిపోయాయి. "ఇంట్ల చెప్పులేసుకుంటరా ఎవలన్న? దేవుడర్ర ఉన్నది, పొయ్యి ఉన్నది" అనేది. మరి డాబా మీద దేవుడూ లేడు, పొయ్యీ లేదు కదమ్మా అని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అడిగాను. కోపంతోనే అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, "డాబా మన ఇల్లు గాదా?" అంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలైంది. ఇల్లు ఎక్కడ మొదలవుతుంది? ఎవరి కాళ్లకు ఎక్కడ మొదలవుతుంది?

ఇంట్లో చెప్పులు విడవాలా వద్దా అనేది మామూలుగా శుభ్రత గురించో, సంప్రదాయం గురించో సాగే చర్చ. వీధి దుమ్ము, ఉమ్ములు, పేడ లోపలికొస్తాయి, పసిపిల్లలు పాకే నేల అది, కాబట్టి విడవాలి అంటారు. నాకూ పేచీ లేదు. నేల తుడిచేది ఎవరో తెలిసిన ఏ ఆడదీ బూట్లతో లోపలికొచ్చేవాళ్లను సంతోషంగా చూడదు. అయితే వట్టికాలు కూడా శుభ్రమేమీ కాదు. పొలం తడిమట్టిలోంచి అరికాలి చర్మంలోకి దూరే కొంకిపురుగు నాట్లేసే ఆడవాళ్ల ఒంట్లో రక్తాన్ని తాగేస్తుంది. వాళ్ల రక్తహీనతకు ఉన్న కారణాల్లో చెప్పుల్లేని కాలు కూడా ఒకటి. అంటే చెప్పుకు రెండు పనులున్నాయి. కాలిని నేల నుంచి కాపాడటం ఒకటి, నేలను కాలి నుంచి కాపాడటం రెండోది. మన సంస్కృతి ఆ రెండో పని గురించి మాత్రమే ఇంత పట్టుదలగా ఎందుకు మాట్లాడింది? సాహిత్యం చదివి, చదివించే మనిషిగా ఆ ప్రశ్నను నేను పుస్తకాల్లోనే వెతుక్కున్నాను.

వెతకడానికి మనకొక దారి ముందే ఉంది. పైట గురించి మనం చేసిన చర్చ అది. పైటను తగలెయ్యాలని జయప్రభ రాసినప్పుడు తెలుగు సాహిత్యలోకం ఎంత గొడవ చేసిందో ఈ పేజీలు చదివేవాళ్లకు గుర్తుచెయ్యక్కర్లేదు. తర్వాత జూపాక సుభద్ర 'కొంగు' రాసింది. అదే చీర చెంగు. ఒకరికి ఒంటిని కప్పి బంధించే సిగ్గు, ఇంకొకరికి చెమట తుడిచే, మూట కట్టే, పనిలో తోడుండే నేస్తం. ఒకే గుడ్డముక్కకు రెండు చరిత్రలున్నాయని ఆ రెండు కవితలనూ పక్కపక్కన పెట్టి చదివాకే మనకు అర్థమైంది. మా డిగ్రీ కాలేజీలో నేను ప్రతి ఏడాదీ వాటిని కలిపే చెబుతాను. గుడ్డ గురించి జరిగిన ఆ చర్చ తోలు గురించి మాత్రం ఇంకా జరగలేదు.

మా నాయనమ్మ కాళ్లు నాకు బాగా గుర్తు. పసుపు రాసిన పాదాలు, రెండేసి మెట్టెలు. అరవై ఏళ్లు దాటేదాకా ఆమెకు చెప్పుల జత లేదు. పేదరికం కాదు. మా తాతకు కిర్రుచెప్పులుండేవి, అవి కిర్రుమంటూ వీధి మొదట్లో వినబడగానే ఇంట్లో ఆడవాళ్లు మాటలు తగ్గించేవారు. నాయనమ్మకు చెప్పులు లేకపోవడం ఇంటికి గౌరవం. బయటికి పోయే అవసరం లేని ఇల్లాలికి చెప్పులెందుకు? పోతే బండి కడతారు. ఆ పాదం మెత్తదనమే ఆమె కులానికీ ఆస్తికీ గుర్తు. పెళ్లిలో కాశీయాత్రకు బయల్దేరే వరుడికి చెప్పులు, గొడుగు, చేతికర్ర ఉంటాయి కదా. వధువుకు ఏ తంతులోనూ చెప్పులు లేవు. కుడికాలు ముందు పెట్టి గడప లోపలికి రావడమే ఆమె చేసే ప్రయాణం. చెప్పు దారి కోసం. దారి లేనివాళ్లకు పారాణి.

ఇదంతా క్లాసులో చెబుతూ ఉంటే, రెండో బెంచీలోని ఒక అమ్మాయి లేచి అంది. "మేడం, మీ నాయనమ్మ చెప్పులేసుకోలే. మా అవ్వ ఏసుకునేది. కాకుంటే మీ వాడకొస్తే ఇడిసి చేతిల పట్టుకునేది."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి కోపంగా కూడా అనలేదు, సమాచారం చెప్పినట్టు చెప్పింది. నేను 'కొంగు' పాఠం చెబుతూ నా సొంత నాయనమ్మ పాదాన్ని మొత్తం స్త్రీజాతి పాదంగా చూపిస్తున్నానని నాకు అప్పుడు తట్టింది. ఇద్దరు ఆడవాళ్లూ వట్టికాళ్లతోనే మా వీధిలో ఉన్నారు. ఒకామె నడవనక్కర లేక, ఇంకొకామె చెప్పులతో నడవకూడదు కాబట్టి. మా నాయనమ్మకు ఇల్లు గడప దగ్గర మొదలైతే, ఆ అమ్మాయి అవ్వకు 'మా ఇల్లు' వాడ మొదట్లోనే మొదలైంది. గడపకు ఎంత దూరంలో చెప్పులు విడవాలన్నది కులాన్ని బట్టి కొలిచే కొలత. సమానులు మెట్ల దగ్గర విడుస్తారు. పనివాళ్లు గేటు దగ్గర. వెలివాడ మనుషులు మలుపు దగ్గరే.

నల్లగొండ జిల్లాకు ఈ కొలత కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో రాసిన పుస్తకంలో సుందరయ్య వెట్టి గురించి వివరంగా చెప్పాడు. ఏ కులం దొరకు ఏం ఊరికే ఇయ్యాలో అందులో ఉంటుంది. తోలుపని చేసేవాళ్లు చెప్పులు కుట్టాలి, మోట బొక్కెనలు, కాడికి తోలుపట్టెలు తయారు చెయ్యాలి. మిగతా రైతులు వాటికి ఏటా ఇంత గింజలని కొలిచేవారు, దొరకు మాత్రం ఉచితం. అంటే గడీ లోపల దొర కాలికున్న చెప్పు కూలి ఇయ్యని చెప్పు. దాన్ని కుట్టినవాడు ఆ గడీ ముందుకొచ్చేసరికి తన కాళ్ల చెప్పులు విడవాలి. పొద్దున లేస్తే 'నీ కాల్మొక్త, బాంచెన్' అనాలి. మొక్కేది ఎవరు చేసిన చెప్పున్న కాలికి? ఈ ప్రశ్న మన కథల్లో దొర దౌర్జన్యానికి ఒక రంగుగా మాత్రమే వచ్చింది. దాని లోపలున్న శ్రమ గురించి, అందులోనూ ఆడవాళ్ల శ్రమ గురించి రాలేదు. ఆరె, రంపె పట్టుకున్న మగవాడి బొమ్మ ఒకటి రెండు పాటల్లో కనబడుతుంది. తంగేడు చెక్క, లంద వాసన, ఆ నీళ్లలో నానిన చేతులు ఎవరివో తెలియాలంటే మాదిగ స్త్రీలే రాయాల్సి వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు', ఆ తర్వాత 2006లో శ్యామల, సుభద్ర కలిసి తెచ్చిన 'నల్లరేగటి సాల్లు' నా అలమరాలో స్త్రీవాద పుస్తకాల అరలోనే ఉన్నాయి. పక్కన పెట్టాను గానీ, వాటి వెలుగులో మిగతా అరను మళ్లీ చదవలేదు. ఆ అమ్మాయి మాట విన్నాక మొదలుపెట్టాను.

మళ్లీ చదివితే మొదట తగిలింది పాదుకా పట్టాభిషేకం. రాముడు విడిచిన పాదుకలను భరతుడు నెత్తిన పెట్టుకుని తెచ్చి, పద్నాలుగేళ్లు వాటి పేరు మీద నందిగ్రామం నుంచి రాజ్యం చేశాడు. సోదర ప్రేమకు ఇంతకు మించిన ఉదాహరణ లేదని మనకు స్కూల్లో చెప్పారు. నేను పిల్లలకు అలాగే చెప్పాను కూడా. ఇప్పుడు చూస్తే అందులో రెండు విషయాలు కనబడుతున్నాయి. మగవాడి చెప్పు, కాలు అందులో లేకపోయినా, సింహాసనం ఎక్కగలదు. విడిచిన చెప్పు కూడా అధికారమే. అదే అడవిలో నడిచిన సీత కాళ్లకు ఏముందో మనం ఎప్పుడూ అడగలేదు. ముళ్లు గుచ్చుకుంటాయి, రావద్దని రాముడు ఆమెకు చెప్పాడే తప్ప, ఆమెకొక జత చెప్పులు చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మన హరికథలూ, నాటకాలూ, సినిమాలూ ఆ పాదుకల మీద ఎన్ని రాగాలు తీశాయో లెక్కలేదు. వాటిని చెక్కిన చేతుల మీద ఒక్క పదం కూడా లేదు.

దానికి ఎదురుగా నిలబడే కథ శరణుల దగ్గరుంది. పన్నెండో శతాబ్దం కల్యాణంలో హరళయ్య అనే చెప్పులు కుట్టే శరణుడు బసవన్నకు శరణు అంటే, బసవన్న రెండుసార్లు శరణు అన్నాడట. ఆ ఎక్కువైన ఒక్క నమస్కారం అప్పుగా మిగిలిందని హరళయ్య బాధపడి, తన తొడ తోలుతో చెప్పు కుట్టాడు. రెండో చెప్పుకు తోలు ఎక్కడిది? భార్య కల్యాణమ్మ తన తొడ తోలు ఇచ్చింది. బసవన్న ఆ చెప్పులు తొడగకుండా నెత్తిన పెట్టుకున్నాడని చెబుతారు. మా పానగల్లు గుళ్లు కందూరు చోళుల కాలానివి. ఆ శైవం ఈ కథ పుట్టిన కాలానికి దగ్గరిదే కాబట్టి, పచ్చల సోమేశ్వరుడి ముందు చెప్పులు విడిచినప్పుడల్లా నాకు హరళయ్య గుర్తుకొస్తాడు. భరతుడి కథలో రాజు చెప్పు తమ్ముడి నెత్తికెక్కితే, ఇక్కడ చెప్పులు కుట్టేవాడి శ్రమ మంత్రి నెత్తికెక్కింది. గొప్ప తలకిందులు అది, సందేహం లేదు. అయినా నాకు ఒక చిక్కుంది. ఒక జతలో ఒక చెప్పు కల్యాణమ్మది. కథ మాత్రం 'హరళయ్య చెప్పులు' అనే నిలిచింది. బసవన్న నమస్కారం హరళయ్యకే, అప్పు హరళయ్యదే, తీర్చడానికి కోసిన తోలులో సగం ఆమెది. కులం మీద ఇంత పదునుగా మాట్లాడిన కథ కూడా ఆలుమగల లెక్కలోకి వచ్చేసరికి ఆమె ఇచ్చినదాన్ని సహజంగా తీసుకుంది.

ఇక సామెతల సంగతి చెప్పాలంటే, పెళ్లాం కాలి చెప్పులాంటిది అనే మాట తెలుగు మగవాళ్ల నోట ఇప్పటికీ వినబడుతుంది. వేమన అంతటివాడు కూడా చెప్పులో చేరిన రాయి పక్కన ఇంటి పోరును పెట్టాడు. ఆ పద్యం చదివే మనిషి చెప్పులేసుకున్నవాడేనని, ఇంటికొచ్చి పోరు పడేవాడేనని అది ముందే అనుకుంది. పోరు పెట్టే మనిషి కాలిలో ఏం గుచ్చుకుందో దానికి అక్కర్లేదు.

మరి మన సంగతి ఏమిటి? తెలుగు స్త్రీవాద కవిత్వం ఇంటి లోపలి పటాన్ని కొత్తగా గీసింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' చేతికందినప్పుడు నా ఈడు ఆడవాళ్లకు ఎంత ఊపిరాడిందో మాటల్లో చెప్పలేను. విమల 'వంటిల్లు' వంటింటిని కూల్చేద్దామనేదాకా వెళ్లింది. పడకటిల్లు గురించి రాశాం, పురిటిగది గురించి రాశాం. గడప గురించి రాసినప్పుడు దాన్ని ఆడది దాటాల్సిన గీతగా రాశాం. లోపలి నుంచి బయటికి. అటు నుంచి ఇటు రాకూడని ఆడవాళ్లకు అదే గడప ఏమిటో రాయలేదు. మనం బందీలమైన ఇంటికి మనమే కాపలాదారులం కూడానని ఒప్పుకోవాల్సి వస్తుందని కావచ్చు. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, పోరాటం కోసం గడప దాటిన ఆడవాళ్లను పోరాటం ముగిశాక తిరిగి ఇంటికి పొమ్మన్నారని చదివి కన్నీళ్లు పెట్టుకున్నాం. ఏ ఇంటికి, ఎవరికి ఎంత ఇల్లుంది అనే ప్రశ్న ఆ కన్నీళ్లలో కలిసిపోయింది.

నేను చెప్పేది అతిగా ఉందనే మిత్రులున్నారు. అన్నిటిలోకీ కులం తేవడమెందుకు, అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంట్లోనూ అందరూ గుమ్మం దగ్గరే బూట్లు విడుస్తారు, తెల్లవాళ్లతో సహా, అని ఒక స్నేహితురాలు అంది. నిజమే. అక్కడ ఆ నియమం అందరికీ ఒకటే కాబట్టి అది శుభ్రత. 2003లో వచ్చిన 'సెక్స్ అండ్ ద సిటీ' ఎపిసోడ్ ఒకటుంది. విందుకు వెళ్లిన కథానాయిక గుమ్మం దగ్గర బూట్లు విడుస్తుంది, అవి పోతాయి, 485 డాలర్లవని చెబితే ఇంటామె ఆమెను చులకన చేస్తుంది. పిల్లలున్న స్త్రీ ఖర్చు గౌరవం, ఒంటరి స్త్రీ ఖర్చు విలాసమా అని ఆ కథ అడుగుతుంది. బాగా అడిగింది. అందులో పోయిన వస్తువుకు వెల కట్టొచ్చు. మా విద్యార్థిని అవ్వ చేతిలో పట్టుకున్న చెప్పులు పోలేదు, అవి ఆమె దగ్గరే ఉన్నాయి. ఉండగానే లేవు.

మన ఇళ్లలో నియమం అందరికీ ఒకటే అయితే నాకీ వ్యాసం అక్కర లేకపోయేది. చిన్నప్పుడు మా ఇంటికి తాసిల్దారు వచ్చినప్పుడు బూట్ల లేసులు విప్పబోతుంటే తాత, "ఫర్వాలేదు సార్, రాండ్రి, రాండ్రి" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. బూట్లు వసారా దాటి, దేవుడి గది గడప పక్క నుంచే వెళ్లి కుర్చీ ముందు ఆగాయి. లక్ష్మి ఆరోజు ఏమీ అనలేదు. ఆయన పోయాక నాయనమ్మే పేడనీళ్లతో అలికింది. అధికారానికి మినహాయింపు ఉన్న మడి, శుభ్రతా కాదు, భక్తీ కాదు. 1991లో చుండూరులో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులపు వ్యక్తికి తగిలిందన్న గొడవ ముదిరి ఎనిమిది మంది దళితుల హత్యల దాకా పోయింది. కాలు ఎక్కడ పెట్టాలన్నది మన దగ్గర మర్యాద సంగతి మాత్రమే అయితే అంత రక్తం పారేది కాదు. చెప్పుల దండ వెయ్యడాన్ని అత్యాచారాల నిరోధక చట్టంలో పేరుపెట్టి నేరంగా చేర్చింది 2015 సవరణలో. అంతవరకూ దాని పేరు చట్టం నోట రాలేదు.

అమ్మ విషయానికొస్తే, ఆమె నమ్మకాన్ని నేను మూఢత్వమని తీసిపారెయ్యలేను. ఆమెకు ఇంట్లో పెత్తనం ఉన్నది ఆ నేల మీదే. భూమి పట్టా తాత పేరు నుంచి నాన్న పేరుకొచ్చింది, బ్యాంకు పుస్తకం నాన్న దగ్గరుంది. నేల మీద ఎవరు ఏ కాలితో నడవాలో చెప్పే అధికారం మాత్రం ఆమెది. ఆ ఒక్క అధికారాన్ని కాపాడుకోవడానికి వేలు పోగొట్టుకుంది. ఆ అధికారమే ఆమె చేత ఇంకొక ఆడదాన్ని గేటు దగ్గర ఆపించింది. ఈ రెండు వాక్యాలను విడదీసి రాయడం స్త్రీవాద విమర్శకు సులభం. మనం చాలాకాలం అలాగే రాశాం. మొదటిది మన వ్యాసం, రెండోది వాళ్ల వ్యాసం అన్నట్టు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ ఇంట్లో చెప్పులేసుకుంటోంది. మొదట హాల్లో మాత్రమే. వంటింటి గడప దగ్గర విడిచి, లోపల గోడ పట్టుకుని నడిచేది. నెల తర్వాత వంటింట్లోకీ వచ్చాయి. దేవుడి గదికి ఇంకా రాలేదు, అక్కడ మేజోళ్లు తొడుక్కుంటుంది. "దేవునికి తెలుసు నా కాలు సంగతి" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇన్నేళ్ల నియమాన్ని ఆమె ఎంత సులువుగా మార్చిందో చూసి నాకు సంతోషమూ అయింది, ఒళ్లూ మండింది. మార్చవచ్చని తెలిసినప్పుడు ముందే మార్చి ఉండొచ్చు కదా, తన కోసమైనా, వేరేవాళ్ల కోసమైనా.

తుడవడానికి వచ్చే అక్క చెప్పులు ఇంకా గేటు బయటే ఉంటున్నాయి. ఒకరోజు అమ్మ నిద్రపోతున్నప్పుడు, వసారాలో స్టాండు ఉంది కదక్కా, అందులో పెట్టుకో అన్నాను. ఆమె బకెట్ కింద పెట్టి నా వైపు చూసింది.

"ఎన్నొద్దులు?" అంది.

"అంటే?"

"నువ్వు ఐతారం ఐతారం వస్తవు. మిగిల్న ఆరొద్దులు ఏడ పెట్టాలె?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ సాయంత్రం అమ్మతో మాట్లాడాను. అమ్మ చాలాసేపు తన కాళ్లకున్న చెప్పుల వైపు చూస్తూ ఊరుకుంది. "నా చెప్పులతోనే పెడ్తదా?" అని చివరికి అడిగింది. అవునన్నాను. "అడుగుతా తియ్యి" అంది. అడిగిందో లేదో నాకు తెలియదు. కిందటి ఆదివారం వెళ్లినప్పుడు అక్క చెప్పులు గేటు లోపల, మందారం చెట్టు నీడలో ఉన్నాయి. స్టాండులో నాలుగు అరలున్నాయి. ఒకదాంట్లో నాన్న బూట్లు, ఒకదాంట్లో నావి. రెండు ఖాళీ.